తలుపు కింది అంచు

“ఇక దిగరా బాబూ. మీ అక్క సినిమా హాలు ముందు నిలబడి నా పేరే జపిస్తుంటుంది,” అన్నాడు బావ, బ్రష్షులు కడుగుతూ.

బావమరిది స్టూలు దిగలేదు. పనికొచ్చిన ఇంట్లో స్నానాలగది తలుపు పై అంచుకు తీరిగ్గా రంగు పూస్తున్నాడు.

“దేవుడే లేడంటావు. మరి ఎవరు చూస్తారని ఆ పైన పూత?”

“నువ్వు పూయకపోయినా దణ్ణం పెడితే దేవుడు క్షమించేస్తాడు బావా. నన్ను క్షమించడానికి ఎవరున్నారు?”

దణ్ణం పెట్టుకోనిదే రంగు డబ్బా మూత తియ్యని బావకు ఆ మాట కాస్త గుచ్చుకుంది. నేలమీద పరిచిన పాత పేపర్లు తీద్దామని వంగాడు. చెయ్యి తలుపు కిందికి వెళ్లింది. వేలికి వట్టి చెక్క గరుగ్గా తగిలింది. మొహం వెలిగిపోయింది.

“కింది అంచు మర్చిపోయావురా. తలుపు బిగించకముందే పూయాల్సింది. ఎవరూ లేరని బెంగపడకు, నేనున్నాను. క్షమించేశాను, పద.”

బావమరిది దిగి, తనూ వేలు పెట్టి చూసి నాలిక్కరుచుకున్నాడు.

“నువ్వు క్షమిస్తే చాలదు బావా. వానలకి ఇది ఉబ్బి బిగుసుకుపోతే, ఇంటి పెద్దావిడ లోపల ఇరుక్కుంటుంది. అప్పుడు తలుపు తియ్యడానికి ఉన్న నీ దేవుడూ రాడు, లేని నా దేవుడూ రాడు.”

బావ కడిగిన బ్రష్షు మళ్లీ రంగులో ముంచాడు.

“స్క్రూలు విప్పు. దేవుడి సంగతి ఎలా ఉన్నా, మీ అక్క మాత్రం మనిద్దర్నీ క్షమించదు.”