ఇంకో పెన్ను

పెళ్ళి రిజిస్టరులో సంతకం చేసి, ఆమె పెన్ను అతనికి అందించింది.

"నాన్న ఆస్తి నాకొద్దని పొద్దున్నే రాసిచ్చేశాను. డబ్బుకోసం నన్ను కట్టుకున్నావని ఇక ఎవరూ నిన్ను వేలెత్తి చూపలేరు."

"ఇల్లు కూడానా?"

"పూచికపుల్లతో సహా!"

అతను పెన్ను కాగితానికి ఆనించి, ఎత్తేశాడు. "ఇది రాయట్లేదు. కొత్తది కొనుక్కొస్తా, కూర్చో."

గంట గడిచింది. ఫోన్ ఎత్తలేదు.

"పెన్నుకోసం పొరుగుదేశం వెళ్ళాడేమోనే," అంది సాక్షిగా వచ్చిన స్నేహితురాలు.

ముసలి గుమాస్తా ఆ పెన్నుతో చిత్తుకాగితం మీద గీశాడు. నీలిగీత నున్నగా సాగింది. ఆమె చూస్తోందని తెలిసి, అరచేయి అడ్డుపెట్టాడు.

"నిజమేనమ్మా, రాయట్లేదు."

"అయితే ఇంకోటివ్వండి బాబాయిగారూ," అందామె. "నా సంతకం కొట్టేసుకుంటాను."