ప్లాస్టిక్ కింద

నేరేడ్‌మెట్‌లో మరో పెళ్లి విందు తిని, నిద్రతో తూలుతూ మా కొత్త స్పోర్ట్స్ కారు దగ్గరికి వచ్చాం. సీట్లకు షోరూమ్‌వాళ్లు తొడిగిన తెల్ల ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. దాని గరగర ఇక భరించలేక మా ఆయన మునీర్‌ను బతిమాలాను.

"ఒక్కసారి ఆ మెత్తటి తోలు మీద కూర్చోనీయండీ!"

"సరే తమన్నా, నీ సీటుది తీసెయ్. ఆ తోలు మీద మొదలు కూసునే మహారాణివి నువ్వే!"

మురిసిపోతూ చింపాను. కింద తోలు ముడతలు పడి, నడుము ఆనేచోట అరిగి, గుంటపడి ఉంది.

మునీర్ గొంతు తగ్గింది. "ఏందీ గిట్లుంది? సీల్ సుత ఇప్పలే గదా."

చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

అయినా ఇక నిలబడే ఓపిక లేదు. కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో! కళ్లు మూసుకున్నాను.

వీపు వెనక తోలు మెల్లగా కిర్రుమంది, ఎవరో జరిగి నాకు చోటిచ్చినట్టు.