ఎంగిలి కిడ్నీ

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడందే ఆయన ఏదీ తాగడు.

ముప్పై ఏళ్లు హోటళ్ల వంటగదులు తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు మరి. పాచిపోయిన కూరలు, జిడ్డోడే గిన్నెలు, బొద్దింకలు తేలే నూనె మూకుళ్లు చూసీ చూసీ లోకమంతా ఆయనకు రోతగానే కనిపించేది. ఉద్యోగం వదిలినా ఆ ముక్కు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇప్పుడు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడు రోజులు డయాలసిస్ హాల్లో పడి ఉంటున్నాడు. ఎవరిదైనా కిడ్నీ దొరికితే బతుకు, లేదంటే లేదు. జాబితాలో పేరు ఎక్కి మూడేళ్లయింది.

ఆ హాల్లో అందరికీ టీ ఇచ్చే ఆవిడను టీ అక్క అనేవారు.

డయాలసిస్ వాళ్లు ఏది తాగినా కొలిచి తాగాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకని టీ అక్క ఒక్కొక్కరికీ ఒక గ్లాసు పెట్టి, దాని మీద గోళ్లరంగుతో గీత గీసింది. ఎవరెంత బతిమాలినా ఆ గీత మీద చుక్క పడనిచ్చేది కాదు.

ఒకరోజు ఆమె బుట్టలోంచి ఆస్పత్రి చీటీ ఒకటి జారిపడింది. ఇన్‌స్పెక్టరు గారు తీసి ఇవ్వలేదు, చదివాడు. అలవాటు.

హెపటైటిస్ సి.

అప్పుడే తాగిన టీ అంతా కక్కేశాడు.

ఎప్పుడో కాన్పులో ఎక్కించిన రక్తంతో వచ్చిందట, నిన్ననే తెలిసిందట, మాత్రలు ఇంకా మొదలుపెట్టాలట. టీ అక్క తల వంచుకుని చెప్పుకుంది. అది రక్తంతో తప్ప గ్లాసుతో అంటదని డాక్టరూ చెప్పి చూశాడు.

"రోగం రోగమే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సూదులు తీయగానే నర్సు బల్ల దగ్గరికి వెళ్లి, నిలబడే ఫిర్యాదు రాసిచ్చాడు. అదే బల్ల పక్కన టీ అక్క కూడా ఏదో కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"సార్, ఒక్కసారి మీ పెన్ను ఇస్తారా? సంతకం పెట్టాలి."

సెలవు చీటీ కాబోలు అనుకుని పెన్ను బల్ల మీద పడేశాడు. ఆమె సంతకం పెట్టి తిరిగివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టుకున్నది నాకెందుకు? నువ్వే ఉంచుకో."

ఆమె కాగితం, పెన్ను నర్సుకిచ్చి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఆ హాల్లోకి రాలేదు.

పది రోజులకు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. కిడ్నీ దొరికిందనీ, అయితే ఇచ్చిన మనిషికి హెపటైటిస్ సి ఉందనీ డాక్టరు చెప్పాడు. ఆ వైరస్ ఈయన ఒంట్లోకీ వస్తుంది, పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే పోతుంది. కిడ్నీ మాత్రం బంగారంలా ఉంది. గంటలో ఏ సంగతో చెప్పాలి.

ఇన్‌స్పెక్టరు ఫోను చెవికి దూరంగా పట్టుకుని భార్య వైపు తిరిగాడు.

"శుభ్రమైన ఒంట్లోకి ఆ రోత ఎక్కించుకోవాలా? ఎంగిలి కిడ్నీ నాకొద్దు."

"అంత శుభ్రమైన ఒళ్లయితే ఆస్పత్రిలో మనకేం పనండీ?" అంది భార్య. "ముందు బతకండి. తర్వాత కడుక్కుందురుగాని."

ముక్కు మూసుకున్నట్టే మొహం పెట్టి సంతకం చేశాడు.

కిడ్నీ ఆ రోజే పనిచెయ్యడం మొదలుపెట్టింది. మూడేళ్ల తర్వాత సంచీలోకి మూత్రం దిగుతుంటే మొగుడూ పెళ్లాలిద్దరూ పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నారు. వారం తిరక్కుండా రక్తంలో వైరస్ కూడా కనిపించింది. మాత్రలిచ్చి ఇంటికి పంపారు.

ఇంట్లో ఆయన గ్లాసు విడిగా, కిటికీలో ఉంది. దాని మీద గుర్తుగా గోళ్లరంగుతో గీత.

"గ్లాసుతో అంటదని డాక్టరు చెప్పాడు కదమ్మా," అన్నాడు కోడలితో.

"చెప్పాడు మామయ్యా," అంది కోడలు, ఆయన మొహం చూడకుండా. "పిల్లలున్న ఇల్లు. రోగం రోగమే కదా."

ఆయన గ్లాసు అందుకున్నాడు. పన్నెండు వారాలూ ఆ గ్లాసుతోనే తాగాడు. తాగినప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసింది. వాసన చూడటం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు.

వైరస్ పోయిందని కాగితం చేతికి వచ్చిన రోజే తిన్నగా డయాలసిస్ హాలుకు వెళ్లాడు. టీ అక్కను క్షమించమని అడగాలి. ఆమె చేత్తో ఒక గ్లాసు నిండా టీ తాగాలి. ఆమె ఎక్కడుందని నర్సును అడిగాడు.

నర్సు చేతిలో ఫైలు మూసి పక్కన పెట్టింది.

"పోయింది సార్. తలలో నరం చిట్లింది. మీకు ఫోను వచ్చిన రోజే, ఇక్కడే, పై అంతస్తులో."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే పొత్తికడుపు మీదికి వెళ్లింది.

"ఎవరిది ఎవరికి పెట్టారో మేం చెప్పకూడదు," అంటూ నర్సు సొరుగులోంచి ఆయన పాత పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. "స్పిరిటుతో తుడిచి మీకిచ్చెయ్యమంది, అప్పుడు నాకే ఇవ్వబుద్ధి కాలేదు. ఆ రోజు దీంతో ఆమె సంతకం పెట్టింది అవయవదానం కాగితం మీద సార్."