పేరు కుదిరేదాకా

...‘రాణి టైలర్స్’ అట. ఏ రాణి, ఎక్కడి రాజ్యం? కత్తెర పట్టడం వచ్చిన ప్రతి మనిషికీ ఒక కిరీటం కావాలి. మొన్న పెళ్లాం ‘న్యూ ఫ్యాషన్’ అంది. వచ్చే ఏడాదికి పాతబడదా అని అడిగితే మొహం చిన్నబుచ్చుకుంది. బుర్ర వాడమంటే మనుషులకు ఎందుకో అంత అవమానం.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నోట్‌బుక్‌లో ఆ పేరు మీద అడ్డంగా గీత గీశాడు. నూట పదకొండోది.

సబ్బుల కంపెనీలో ప్రకటనలు రాసిన మనిషి అతను. రెండు సబ్బులకూ ఒక తలనూనెకూ పేర్లు పెట్టినవాడు. కంపెనీ ఉద్యోగం తీసేసినంత మాత్రాన తెలివి కూడా తీసేసుకుంటుందా? ఆ రోజు నుంచి వీధిలోకి దిగలేదు. జాలి పడటానికి కాచుక్కూర్చున్న మొహాలంటే అతనికి అసహ్యం. ఇక అతనికి మిగిలిన పని ఒక్కటే, భార్య పెట్టబోయే టైలరింగ్ షాపుకు పేరు. అది కుదిరేదాకా షాపు తెరవడానికి వీల్లేదని మొదటి రోజే చెప్పేశాడు. ఆమె సరేనంది.

పొద్దున్నే వెళ్తుంది. రెండు వీధుల అవతల సందులో అద్దెకు తీసుకున్న గది సర్దుకోవాలట. ఒక్క ఖాళీ గదిని ఇన్ని నెలలు సర్దేవాళ్లను ఏమనాలి? పొద్దుగూకే వేళకు నడుం పట్టుకుని వస్తుంది, జుట్టు నిండా దారప్పోగులతో. చెయ్యి తిరగాలని పాత గుడ్డలు కుడుతున్నానంటుంది.

ఆమె తమ్ముడు ఇంకో మేధావి. పోయిన ఆదివారం వచ్చి, పేరుదేముంది బావా, కుట్టు బాగుంటే చాలదా అన్నాడు. అక్క వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు నోరు మూసుకుని కాఫీ తాగాడు. మొగుడి పరువు కాపాడటం మాత్రం వచ్చు దీనికి, అనుకున్నాడతను.

నిన్న అన్నం వడ్డిస్తూ మళ్లీ అడిగింది.

“‘అతుకు’ అంటే ఎలా ఉంటుందండీ?”

“చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వచ్చామనుకుంటారు.”

“పోనీ లెండి. మీరే ఆలోచించండి. తొందరేం లేదు.”

తొందరేం లేదట. నెలనెలా అద్దె కట్టే మనిషి అనే మాటేనా అది?

ఇవాళ మధ్యాహ్నం దొరికింది. ‘కొలత’. మూడే అక్షరాలు. ఆమెకు ఈ జన్మలో తట్టదు. సాయంత్రం దాకా ఆగలేకపోయాడు. తెల్లకాగితం మీద పెద్దగా రాసుకుని, ఏడు నెలల తర్వాత చెప్పులేసుకుని మెట్లు దిగాడు. కాగితం ఎంత నిర్లక్ష్యంగా అందించాలి, ఆమె మెచ్చుకుంటే ఎంత పొడిగా నవ్వాలి అని దారంతా ఆలోచిస్తూ నడిచాడు.

సందు మలుపు తిరగగానే, ఆమె అద్దెకు తీసుకున్న గది ముందు, ఎండకీ వానకీ అప్పటికే రంగు వెలిసిపోయిన ‘అక్కయ్య కుట్టుపని’ బోర్డు కింద, బట్టల సంచులతో బారులు తీరిన వాళ్లలో చివరి మనిషి వెనక, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అతను నిలబడ్డాడు.