యాభయ్యో ఎత్తు

టీవీలో పట్టీ నల్లబడింది. లోవమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

రాజమండ్రిలో ఒక కల్యాణ మండపం. పైన మేడమీద చదరంగం పోటీలు, కింద భోజనాల హాల్లో తల్లిదండ్రులు. పైకి ఎవర్నీ రానివ్వరు. అందుకని కింద గోడకి టీవీ పెట్టి, చివరి రౌండులో మొదటి బోర్డు చూపిస్తున్నారు. బోర్డు పక్కన నిలువుగా ఒక పట్టీ. ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కగట్టి అందులో చూపిస్తుంది. తెల్లపావులవాళ్ళు నెగ్గేలా ఉంటే తెలుపు పెరుగుతుంది, నల్లపావులవాళ్ళయితే నలుపు.

తెల్లపావులు నాగదుర్గవి. నల్లపావులు ఆశాజ్యోతివి.

గెలిచిన అమ్మాయికి రాష్ట్ర జట్టులో చోటు. ఓడిన అమ్మాయి ఇంటికే. డ్రా అయితే మాత్రం పాయింట్ల ప్రకారం ఇద్దరూ జట్టులోకి వెళతారు. అలాగని చేతులు కలిపేసుకుని డ్రా అంటే కుదరదు, చివరిదాకా ఆడి తీరాల్సిందేనని నిర్వాహకులు పొద్దున్నే మైకులో చెప్పేశారు. జట్టులో చోటంటే స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు. కాకినాడ రేవులో చేపలమ్ముకునే లోవమ్మకి అదెంత పెద్ద విషయమో ఎవరూ చెప్పక్కర్లేదు.

"మీ పాప ఎవరండి?" పక్క కుర్చీలో ఉన్న ఉషారాణి అడిగింది. ఆవిడ రామచంద్రపురంలో ఒక స్కూలు గుమస్తా. వాళ్ళమ్మాయి పొద్దున్నే ఓడిపోయి బిర్యానీ తింటోంది.

"ఈ బోర్డేనండి," అంది లోవమ్మ, చూపు తిప్పకుండా.

ఇంతలో పట్టీ తెల్లబడింది. నలుపుకి లేచి నిలబడ్డ లోవమ్మ తెలుపుకి గుండెమీద చెయ్యేసుకుంది. పాపం, ఈవిడకి ఆ పట్టీ సంగతి తెలియదనుకుంది ఉషారాణి. తెలుపంటే ఏంటో నలుపంటే ఏంటో ఓపిగ్గా చెప్పింది.

"తెలుసండి," అంది లోవమ్మ.

మరో పావుగంటకి బోర్డు ఖాళీ అయిపోయింది. నాగదుర్గకి రాజు, మంత్రి. ఆశాజ్యోతికి రాజు, ఒక ఏనుగు, ఒక్క బంటు. పట్టీ దాదాపు మొత్తం తెల్లగా అయిపోయింది. పక్కన అంకె నాలుగు. అంటే నాలుగు పాయింట్ల ఆధిక్యం.

"ప్రభువా, పిల్లని నిలబెట్టు తండ్రీ," అంది లోవమ్మ పైకే.

ప్రభువా అందంటే ఆశాజ్యోతి తల్లే. ఉషారాణికి ఇక అనుమానం లేదు. జాలేసి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. లోవమ్మ మూత తీసింది, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది.

"ఎందుకే నీకంత పట్టుదల?" అంది టీవీలో తెల్ల మంత్రిని చూసి. "దాన్ని వదలవా?"

"అవతల పిల్లని అలా అనకూడదండి," ఉషారాణి గొంతు తగ్గించి మందలించింది. "వాళ్ళమ్మ ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

లోవమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఓడిపోలేదమ్మా, కంగారుపడకండి," అన్నారు వెనక వరసలోంచి ప్రసన్నకుమార్ గారు. కడియంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మనవరాలిని ఆడించడానికి తీసుకొచ్చారు.

"నాలుగంటోంది కదండీ!" అంది లోవమ్మ.

"అది పావుల విలువ చూసి చెబుతోందమ్మా. మంత్రి పెద్దది, ఏనుగు చిన్నది. ఇరవై ఎత్తులు ముందుకి చూసినా మంత్రి మంత్రే కదా, అందుకని నాలుగంటుంది. ఇలాంటి ముగింపులన్నిటికీ ముందే లెక్కగట్టిన పట్టికలుంటాయి. ఈ కంప్యూటర్‌లో అవి పెట్టినట్టు లేరు. చూడండి, ఆ బంటు ఏనుగుని కాస్తోంది, ఏనుగు ఆ వరసంతా కాస్తోంది. తెల్ల రాజు ఆ గట్టు దాటి రాలేడు. రాజు రాకుండా మంత్రి ఒక్కటీ ఏం చేస్తుంది?"

"ఎంతసేపండీ ఇలాగ?"

"ఇద్దరూ యాభయ్యేసి ఎత్తులు. ఈలోగా ఏ పావూ చావకుండా, బంటు కదలకుండా ఉంటే డ్రా. నేను లెక్కపెడుతున్నాను."

పదిహేను. ఇరవై. తెల్ల మంత్రి చుట్టూ తిరుగుతోంది. నల్ల ఏనుగు రెండు గళ్ళ మధ్య అటూ ఇటూ నడుస్తోంది. కంప్యూటర్ మాత్రం నాలుగనే అంటోంది. లోవమ్మ మెట్లదాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, కూర్చుంది, లేచింది. ముప్పై. ఆవిణ్ణి చూసి ఉషారాణీ లేచి నిలబడింది.

నలభై ఏడో ఎత్తు దగ్గర ఆశాజ్యోతి ఆగిపోయింది. గడియారంలో ఇరవై సెకన్లు. పదిహేను. పది.

"కదపవేంటే తల్లీ!" లోవమ్మ అరిచింది.

"ఏనుగే, ఏనుగే. బంటు ముట్టుకుందంటే దాన్నే కదపాలి, అయిపోయినట్టే," గొణిగారు మాస్టారు.

నాలుగు సెకన్లున్నాయనగా ఏనుగు కదిలింది. అది వెళ్ళాల్సిన గడిలోకే వెళ్ళింది.

నలభై ఎనిమిది. నలభై తొమ్మిది. యాభై. అప్పటికీ కంప్యూటర్ నాలుగే అంటోంది. అంపైరు వచ్చి గడియారం ఆపాక గానీ టీవీలో సగం సగం అని పడలేదు.

లోవమ్మ నేలమీద కూలబడి ఏడ్చేసింది. సంతోషానికే. ఉషారాణికీ కళ్ళు చెమర్చాయి.

మెట్లమీద అడుగుల చప్పుడయింది. ముందు నాగదుర్గ దిగింది, చేతికందిన ఆట జారిపోయిన మొహంతో. లోవమ్మ పరుగెత్తుకెళ్ళి ఆ పిల్లని గట్టిగా వాటేసుకుంది. కొంగుతో మొహం తుడిచింది.

ఉషారాణి కంగారుగా వెళ్ళి భుజం తట్టింది. "ఏవండీ, ఈ అమ్మాయి కాదండీ. మీ ఆశాజ్యోతి అదిగో, వెనకాల వస్తోంది."

లోవమ్మ ఒక చెయ్యి వదలకుండానే రెండో చెయ్యి మెట్లవైపు చాపింది. "ఇది నేను బాప్తిస్మం తీసుకోకముందు పుట్టిందండి, అది తీసుకున్నాక పుట్టింది."