వేరే కంపెనీ పట్టాలు

"శారోన్! బండి పడిపోయింది!"

పొయ్యి మీద చారు పొంగుతోంది. శారోన్ మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ అన్నయ్య గదిలోకి వెళ్ళింది. బీరువా పక్క మూలలో ఇంజను పట్టాలు తప్పి ఒరిగిపోయి ఉంది. వెనకున్న రెండు పెట్టెలూ బోర్లాపడ్డాయి.

"మళ్ళీ అక్కడేనా అన్నయ్యా?"

"ఆ మలుపు దగ్గరే. అతుకు సరిగ్గా కూర్చోలేదు," అన్నాడు సన్నీ మంచం మీంచి. "వేరే కంపెనీ పట్టాలు కదా. వెంట్రుకవాసి తేడా ఉన్నా చక్రం ఎక్కి దిగిపోద్ది."

శారోన్ మోకాళ్ళ మీద కూర్చుని చక్రాలు ఒక్కొక్కటీ పట్టాల మీద సర్దింది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

సన్నీ మామిడికుదురులోనే ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సు చూసేవాడు. రెండు సంవత్సరాల ఎనిమిది నెలల క్రితం బైకు మీంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. "నరాలు కోలుకుంటే కోలుకోవచ్చమ్మా, గట్టిగా చెప్పలేం," అన్నారు డాక్టరు. అమ్మా నాన్నా లేరు. కాకినాడలో నర్సుగా చేస్తున్న శారోన్ నెల రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఆ సెలవు ఇంకా అవలేదు. ఉద్యోగమే అయిపోయింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, చక్రాల కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టడం అన్నీ ఆమే. కాళ్ళకి వ్యాయామం చేయించే అతన్ని మొదటి ఏడాదిలోనే సన్నీ మాన్పించేశాడు, లాభం లేదని.

ప్లాస్టిక్ బ్లాకులు బిగించి కట్టే ఆ రైలు సన్నీకి ఎప్పట్నుంచో సరదా. మొదట్లో దానికి ప్లాస్టిక్ పట్టాలే ఉండేవి. ఇంజనులో బ్యాటరీలు గంటన్నరకోసారి అయిపోయేవి. శారోన్ అన్నం తింటున్నా, బట్టలు ఉతుకుతున్నా లేచి వెళ్ళి మార్చాలి. అందుకే ఆమే ఫోనులో వెతికి, వేరే కంపెనీ చేసిన లోహపు పట్టాలు తెప్పించింది. కరెంటు పట్టాల్లోంచే పోతుంది, బ్యాటరీలతో పనిలేదు. మంచం పక్కనున్న మీట తిప్పితే చాలు. గది చుట్టూ ఆ పట్టాలు పరిచిన రోజు, ఇక పూటకి రెండు గంటలైనా తనవి అనుకుంది శారోన్.

వారం తిరక్కుండా బండి పడటం మొదలైంది.

చిత్రమేమిటంటే, ఆమె చర్చికో బజారుకో వెళ్ళినప్పుడు మాత్రం పడేది కాదు. ఎప్పుడొచ్చి చూసినా గిరగిరా తిరుగుతూనే ఉండేది.

"ఇంతసేపూ ఒక్కసారైనా పడలేదా?" అని అడిగింది ఒకరోజు.

"లేదే. నువ్వు తిరుగుతుంటే గచ్చు అదురుద్ది. ఆ మాత్రానికే అతుకులు కదిలిపోతాయి."

ఆ రోజు నుంచి ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం నేర్చుకుంది శారోన్.

చారు దించుతుంటే ఫోన్ మోగింది. కృపానందంగారు. కాకినాడ నర్సింగు కాలేజీలో ఒకప్పుడు ఆమెకి చదువు చెప్పిన ప్రిన్సిపాల్.

"అమ్మా శారోన్, ట్యూటర్ పోస్టు నీ కోసమే ఆపేనమ్మా. ఇక నావల్ల కాదు. ఇవాళ మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి చెప్పెయ్యాలి."

"ఆయ్, తెలుసండీ."

"క్వార్టరు ఇస్తాం. అన్నయ్యని కూడా తెచ్చేసుకో."

"అడిగి చెప్తానండీ."

అడిగింది. సన్నీ రైలు ఆపి, గోడవైపు తల తిప్పుకున్నాడు.

"నేను ఎక్కడికీ రాను. ఈ గది తప్ప నాకేముంది? నువ్వెళ్ళు. పక్కింటి మరియమ్మ పిన్ని పొద్దున్నోసారి తొంగిచూస్తుంది. మిగతా పొద్దంతా తడిసిన పక్కలోనే పడుంటాను. అలవాటైపోద్ది."

"అలా మాట్లాడకు అన్నయ్యా."

"ఉన్నమాటే కదా."

శారోన్ అతని కాళ్ళ మీద దుప్పటి సర్ది, మంచినీళ్ళ సీసా చేతికందేలా పెట్టింది. పట్టాలు దాటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మాత్రలు అయిపోయాయి. అమలాపురం వెళ్ళి తెస్తాను. తాళం వేసి వెళ్తున్నా."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

"సరే, జాగ్రత్త."

తలుపు తాళం వేసి, గేటు దాకా వచ్చేసరికి ఆటో రమణబాబు ఫోన్ చేశాడు. "మలుపులో కొబ్బరికాయల లారీ అడ్డంగా ఉందమ్మగారూ. పది నిమిషాలు పడుతుందండీ."

ఎండ మాడిపోతోంది. ఆమె వెనక్కి వచ్చి, అన్నయ్య గది కిటికీ పక్కన గోడ నీడలో నిలబడింది. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. లోపల చక్రాల రొద సన్నగా వినిపిస్తోంది. పలకరిస్తే మళ్ళీ ఆ మాటలే వస్తాయని ఊరుకుంది.

అన్నయ్య ముందు చెప్పలేని మాట ఇక్కడే చెప్పెయ్యాలనుకుంది. "క్షమించండి సార్, రాలేను." మూడు ముక్కలు. మనసులోనే రెండుసార్లు అనుకుని కృపానందంగారి నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో లోపల టపటపమని చప్పుడైంది. చక్రాల రొద ఆగిపోయింది.

బండి మళ్ళీ పడిపోయిందనుకుంది శారోన్. పాపం అన్నయ్య, ఇక తను తిరిగొచ్చేదాకా ఆగిపోయిన బండిని చూస్తూ పడుకోవాలి. ఇంట్లో అతను తప్ప ఎవరూ లేరు. "శారోన్!" అన్న కేక కోసం ఎదురుచూసింది. రాలేదు. తను వెళ్ళిపోయిందనుకుంటున్నాడు కదా! లోపలికెళ్ళి ఎత్తిపెట్టి వద్దామని సంచిలో తాళంచెవి వెతికింది.

"చెప్పమ్మా, వస్తున్నావా లేదా?" అన్నారు ఫోనులో కృపానందంగారు.

లోపల గచ్చు మీద అడుగులు పడుతున్నాయి.