గైర్హాజరైన ముగ్గురు

"సాయంత్రం అయిదింటికల్లా నాకు పేర్లు కావాలి. లేకపోతే గుడిసెలు కాల్చేస్తాను" అన్నాడు కెప్టెన్ దొర, గ్యాంగు టైంకీపరుతో.

1942 డిసెంబరు. ఉస్లాపూర్ దగ్గర ఎవరో రైలు పట్టాల బోల్టులు ఊడదీశారు. ఎవరో తెలియదు కాబట్టి, బిలాస్‌పూర్‌లో గ్యాంగు కూలీల గుడిసెలు నలభై తగలబెడితే సరిపోతుందట. ఒక పల్లె కాలిస్తే పది పల్లెలకు బుద్ధొస్తుందని వాయవ్య సరిహద్దు కొండల్లో నేర్చుకొచ్చిన పాడు విద్య. నెల కిందట అర్పా నది వంతెన దగ్గర తుపాకులు పేల్పించిందీ ఈ దొరే. ఆకాశంలోకి కాల్చామని, ఎవరికీ దెబ్బ తగల్లేదని రిపోర్టు రాసి పంపాడు.

ఆ చప్పుడుకు బెదిరి ముగ్గురు కూలీలు పరారయ్యారని గ్యాంగంతా అనుకుంది. టైంకీపరు రమణమూర్తి హాజరు పుస్తకంలో ఆ ముగ్గురికీ రోజూ గైర్హాజరు వేస్తున్నాడు. కాల్పులు జరిగిన పొద్దున హాజరు వేయడానికి వంతెన దాకా వెళ్ళొచ్చినప్పట్నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

నాలుగున్నరకు రమణమూర్తి ఆ పుస్తకాన్ని దొర ముందు తెరిచాడు. పోలయ్య, నూకరాజు, అప్పలస్వామి. నెల నుంచీ పనికి రాలేదనగానే దొర మొహం వెలిగిపోయింది. అవి ఎవరి పేర్లని కూడా అడగలేదు. ఈ ముగ్గురు ద్రోహుల్నీ వారంలో పట్టి అప్పగిస్తానని రాసి, సంతకం పెట్టి నాగపూర్‌లో ఉన్న కర్నల్‌కు పంపాడు. గుడిసెలు మిగిలాయి.

మర్నాడు పోలయ్య పెళ్ళాం అసిరమ్మ కొళాయి దగ్గర రమణమూర్తి దారికి అడ్డం నిలబడింది.

"ఇయ్యాల కాకపోతే రేపొత్తాడని గుమ్మంకాడ కూకున్నాను బాబూ. ఇప్పుడొత్తే ఉరి తీసేత్తారు. ఏటి సేసినావు?"

ఆమె అతని కాళ్ళ దగ్గర ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఇంట్లో భార్య అప్పయమ్మ కంచం ముందు పడేసి మొహం తిప్పుకుంది. "నాగపూర్ పెద్దదొర రానీ" అని మాత్రం అన్నాడు రమణమూర్తి.

వారం గడిచింది. సిపాయిలు ఊళ్ళన్నీ గాలించారు, దొరికినవాణ్ణల్లా కొట్టారు, ముగ్గురి జాడ తెలియలేదు. పదో రోజున కర్నలే దిగాడు. పేర్లు ఇచ్చినవాణ్ణి పిలిపించి, మనుషుల్ని కూడా చూపించగలవా అని అడిగాడు.

"చూపిస్తానండి. కెప్టెన్ దొర కూడా రావాలి."

అర్పా వంతెన దాకా నడిచారు. వెనక గ్యాంగంతా కదిలింది. అసిరమ్మ చేతిలో రాయి ఉంది. మొగుణ్ణి పట్టిస్తే ఆ క్షణమే రమణమూర్తి తల పగలగొట్టాలని వచ్చింది. రమణమూర్తి మూడో స్తంభం పక్కన ఇసకలో ఆగి, ఒక కూలీ భుజం మీది పార తీసి కర్నల్ ముందు పెట్టాడు.

"తవ్వించండి సార్, కెప్టెన్ దొర కాల్చిన రోజు నుంచీ ముగ్గురూ ఇక్కడే ఉన్నారు."